తెలుగు బంధుత్వ పదాలు, మేనరికం, జీవపరిణామం: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

జీవపరిణామం అనగానే శిలాజాలు, వానరాలు, దూరద్వీపాల పక్షులు గుర్తుకు రావడం పరిపాటి. అనువంశికత, వైవిధ్యం, వరణం అనే పరిణామ సూత్రాలను తెలుగువారి పెళ్ళిసంబంధాలలోనే పరిశీలించిన శాస్త్రచరిత్ర ఒకటి ఉంది. 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడిన జె.బి.ఎస్. హాల్డేన్, ఆయన తెలుగు శిష్యులు దానికి పునాది వేశారు. హైదరాబాదులోని పరిశోధనాలయాలు దానిని జన్యుపటాల స్థాయికి తీసుకువెళ్ళాయి. ఆ చరిత్రను తెలుగు బంధుత్వ పదజాలంతో కలిపి చదివి, ‘మేనరికం’ అనే ఒక్క మాట నేటి కుటుంబాల ఆరోగ్యచర్చలో మోస్తున్న భారాన్ని నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జీవలక్షణాలు, జీవపరిణామం, మేనరికం, బంధుత్వ పదజాలం, హాల్డేన్, అంతర్వివాహం, సైదాబాద్.

1. ప్రవేశిక:

బిడ్డ పుట్టుకతో వచ్చిన జబ్బుతో ఆసుపత్రికి వెళ్ళిన తెలుగు దంపతులు తరచుగా ఎదుర్కొనే ప్రశ్న, “మీది మేనరికమా?” అన్నది. ఔనంటే కారణం దొరికినట్టు, కాదంటే ఆ దారి మూసుకున్నట్టు భావించడం సామాన్యం. మొదటి సందర్భంలో సంబంధం కుదిర్చిన పెద్దల మీద నింద పడుతుంది. రెండో సందర్భంలో ఆ నింద చాలాసార్లు తల్లి మీదకు మళ్ళుతుంది. ఈ రెండు నిర్ధారణలూ శాస్త్రానికి పూర్తిగా నిలవవు. ఎందుకు నిలవవో తెలియాలంటే జీవం అంటే ఏమిటి, అది తరతరాలుగా ఎలా మారుతుంది అన్న మౌలిక విషయాల నుంచి మొదలుపెట్టాలి.

2. జీవలక్షణాలు – పరిణామానికి ఆధారం:

కణనిర్మాణం, జీవక్రియ, పెరుగుదల, బయటి మార్పులకు ప్రతిస్పందన, లోపలి స్థితిని నిలకడగా ఉంచుకోవడం, ప్రత్యుత్పత్తి అనేవి పాఠ్యగ్రంథాలు చెప్పే జీవలక్షణాలు. వీటిలో కొన్ని నిర్జీవ పదార్థాలలోనూ కనిపిస్తాయి. స్ఫటికం పెరుగుతుంది. దీపం నూనెను తీసుకొని వేడిని, వెలుగును ఇస్తుంది. ఒక దీపంతో మరొక దీపాన్ని వెలిగించవచ్చు. అయితే రెండో దీపం వెలుగు దాని నూనెను, వత్తిని బట్టి ఉంటుంది. మొదటి దీపం గుణమేదీ దానికి సంక్రమించదు. జీవికి అలా కాదు. తల్లిదండ్రుల లక్షణాలు సంతానానికి వస్తాయి. అలా వచ్చే క్రమంలో అప్పుడప్పుడు చిన్న మార్పులు జరుగుతాయి. ఆ మార్పులు కూడా తరువాతి తరానికి అందుతాయి. మొదటిది అనువంశికత, రెండోది వైవిధ్యం.

ఈ రెండు గుణాలు ఉన్నచోట పరిణామం జరగక తప్పదు. పుట్టిన జీవులన్నీ సమానంగా బతికి సమానంగా సంతానాన్ని కనవు. ఆ పరిసరాలకు తగిన లక్షణం ఉన్నవాటి సంతానం ఎక్కువగా మిగిలితే, తరువాతి తరంలో ఆ లక్షణం వాటా పెరుగుతుంది. చార్లెస్ డార్విన్ 1859లో ప్రకటించిన ప్రకృతివరణ సిద్ధాంతం సారం ఇదే. దీనికి తోడు, చిన్న సమూహాలలో కేవలం యాదృచ్ఛికంగా కూడా కొన్ని లక్షణాలు పెరుగుతాయి, కొన్ని అంతరించిపోతాయి. వ్యక్తి పరిణామం చెందడు. సమూహంలోని జన్యువుల నిష్పత్తి మారుతుంది. ఆ సమూహంలో ఎవరు ఎవరిని పెళ్ళాడతారన్న విషయం ఈ కారణం చేత జీవశాస్త్రానికి ముఖ్యమైన ప్రశ్న అవుతుంది.

3. డార్విన్ ఇంటి మేనరికం:

ఈ ప్రశ్న డార్విన్‌ను స్వయంగా బాధించింది. ఆయన 1839లో వివాహమాడిన ఎమ్మా వెడ్జ్‌వుడ్ ఆయన తల్లి సుసానాకు తోబుట్టువైన జోసయ్య వెడ్జ్‌వుడ్ కుమార్తె. తెలుగులో చెప్పాలంటే మేనమామ కూతురు, మరదలు. వారికి కలిగిన పదిమంది సంతానంలో ముగ్గురు చిన్నతనంలోనే మరణించారు. స్వపరాగ సంపర్కం వల్ల మొక్కల సంతానం బలహీనపడడాన్ని ఏళ్ళ తరబడి పరీక్షించిన డార్విన్, తన పిల్లల అనారోగ్యానికీ దగ్గరి సంబంధమే కారణమేమోనని శంకించాడు. 1871 నాటి బ్రిటిష్ జనాభా లెక్కలలో ఇటువంటి వివాహాల గురించి ప్రశ్న చేర్చాలని మిత్రుడు జాన్ లబ్బక్ ద్వారా పార్లమెంటులో ప్రయత్నించాడు. సభ అంగీకరించలేదు. ఆయన కుమారుడు జార్జ్ డార్విన్ 1875లో ఈ అంశంపై గణాంక వ్యాసం ప్రచురించి, ప్రమాదం అనుకున్నంత పెద్దది కాదని తేల్చాడు.

అప్పటికి జన్యువు అన్న భావన శాస్త్రలోకానికి అందలేదు. మెండెల్ బఠానీ ప్రయోగాల ఫలితాలు 1866లోనే అచ్చయినా 1900 వరకు వాటిని గుర్తించినవారు దాదాపు లేరు. అంతర్గత లక్షణం రెండు ప్రతులు కలిసినప్పుడే బయటపడుతుందని తెలిసిన తరువాతనే దగ్గరి సంబంధాల ఫలితాన్ని కచ్చితంగా లెక్కించడం సాధ్యమైంది.

4. తెలుగు బంధుత్వ పదాలు వేసే లెక్క:

ఇంగ్లండులో అరుదుగా ఉన్న ఈ సంబంధం దక్షిణదేశంలో ప్రాచీనాచారం. తల్లి సోదరుని కూతురిని, తండ్రి సోదరి కూతురిని వివాహమాడడాన్ని బౌధాయన ధర్మసూత్రం దక్షిణాది ప్రత్యేకాచారాలలో ఒకటిగా పేర్కొంది. అర్జునుడు సుభద్రకు మేనత్త కొడుకు. అభిమన్యునికి బలరాముని కూతురైన శశిరేఖతో పెళ్ళి జరిపించిన కథ సంస్కృత మహాభారతంలో లేదు. తెలుగువారు దానిని హరికథల్లో, నాటకాల్లో, 1957లో విడుదలైన ‘మాయాబజార్’ చిత్రంలో తమదిగా చేసుకున్నారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల వివాహాలను నిషేధిస్తూనే, ఆచారం అనుమతించిన చోట మినహాయింపు ఇచ్చింది.

ఈ ఆచారం భాషలోనే స్థిరపడింది. తండ్రి అన్నదమ్ముల పిల్లలు, తల్లి అక్కచెల్లెళ్ళ పిల్లలు మనకు అన్న, అక్క, తమ్ముడు, చెల్లెలు అవుతారు. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు బావ, బావమరిది, వదిన, మరదలు అవుతారు. ‘మామ’ తల్లి సోదరుడూ పిల్లనిచ్చినవాడూ. ‘అత్త’ తండ్రి సోదరీ భర్త తల్లీ. ‘అల్లుడు’, ‘కోడలు’ అనే మాటలకు ‘మేన’ చేరిస్తే తోబుట్టువు బిడ్డలు, చేర్చకపోతే పెళ్ళి వల్ల వచ్చిన బంధువులు. ఇక్కడ ఒక నియమం గమనించదగింది. ‘మేన’ అన్న విశేషణం అన్నాచెల్లెళ్ళ, అక్కాతమ్ముళ్ళ బంధం మీదుగా వచ్చే చుట్టరికాలకే చేరుతుంది. మేనమామ, మేనత్త, మేనల్లుడు, మేనకోడలు అన్నీ అటువంటివే. ఇద్దరు అన్నదమ్ముల మీదుగా గాని, ఇద్దరు అక్కచెల్లెళ్ళ మీదుగా గాని వచ్చే బంధాలకు ఆ విశేషణం లేదు. పెళ్ళికి తగిన వరుస ఏదో, తగనిది ఏదో ఈ ఒక్క మాటే చెబుతుంది.

జన్యుశాస్త్రం వేసే లెక్క వేరు. దంపతులిద్దరికీ తాతా అమ్మమ్మలు, లేదా తాతా నాయనమ్మలు ఒకరే అయినప్పుడు, వారి బిడ్డకు ఒక జన్యుస్థానంలో ఒకే పూర్వికుని నుంచి వచ్చిన ఒకే ప్రతి రెండు వైపుల నుంచీ అందే సంభావ్యత 1/16. దీనిని అంతఃప్రజనన గుణకం అంటారు. అక్క కూతురిని పెళ్ళాడితే అది 1/8. బావామరదళ్ళకు ఎంతో, చెల్లెలి వరుస అయిన పినతండ్రి కూతురికీ అంతే. ఎక్స్ క్రోమోసోమును మినహాయిస్తే, వరుస కుదిరినవారికీ కుదరనివారికీ జన్యువులు భేదం పాటించవు. గోత్రనియమం కూడా ఈ విషయంలో రక్షణ కాదు. గోత్రం తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే నడుస్తుంది కనుక మేనమామ గోత్రం ఎప్పుడూ వేరే. గోత్రాలు వేరైనా తాత ముత్తాతలు ఒకరే కావచ్చు.

5. హాల్డేన్, ఆయన తెలుగు శిష్యులు:

ఈ రెండు లెక్కలూ ఒకచోట కలవడానికి కారకుడైన శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించాడు. ప్రకృతివరణానికి గణితరూపం ఇచ్చిన ముగ్గురిలో ఆయన ఒకడు. మిగిలినవారు ఫిషర్, రైట్. జీవం ఎలా పుట్టిందన్న ప్రశ్నపై 1929లో ఆయన రాసిన వ్యాసం సుప్రసిద్ధం. ఆక్సిజన్ లేని తొలినాటి భూమిపై, సూర్యకాంతి ప్రభావంతో సముద్రజలాలలో కర్బన పదార్థాలు పోగుపడి, పలుచని వేడి రసం వంటి ద్రవంలో జీవానికి ముందరి అణువులు ఏర్పడి ఉంటాయని ఆయన ఊహ. రష్యాలో ఒపారిన్ 1924లోనే ఇటువంటి భావనను ప్రతిపాదించాడు. 1953లో అమెరికాలో స్టాన్లీ మిల్లర్ వాయువుల మిశ్రమంలోకి విద్యుత్తును పంపి ఎమైనో ఆమ్లాలను పొందడంతో ఈ ఊహకు ప్రయోగబలం చేకూరింది.

హాల్డేన్ 1957లో లండన్ ఉద్యోగం వదలి, మహలనోబిస్ ఆధ్వర్యంలోని కలకత్తా భారతీయ గణాంక సంస్థలో చేరాడు. ఖరీదైన పరికరాలు లేకున్నా కళ్ళతో చూసి, లెక్కపెట్టి, ఓపికగా రాసుకుంటే గొప్ప జీవశాస్త్రం సాధ్యమేనన్నది ఆయన బోధన. పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన వద్ద చేరి, మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాల సంఖ్య, వాటి ఫలితాలు అనే అంశాలపై 1960 దశకం తొలి సంవత్సరాలలో పరిశోధన వ్యాసాలు ప్రచురించారు. ఆంధ్రుల వివాహ విధానాలపై ద్రోణంరాజు వ్యాసం 1964లో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సు సంపుటిలో వెలువడింది. డార్విన్ తన దేశపు జనాభా లెక్కలలో అడిగించలేకపోయిన ప్రశ్నను తెలుగు యువకులు తమ ఇళ్ళలో, ఊళ్ళలో అడిగారు. ఇంగ్లండులో వెతికి పట్టుకోవలసిన సంబంధాలు ఇక్కడ ప్రతి ఊరిలోనూ ఉన్నాయి. పైగా ‘ఏమవుతారు?’ అని అడిగితే చుట్టరికాన్ని ఒక్క మాటలో కచ్చితంగా చెప్పగల భాష ఉంది. ఇంగ్లీషులో ‘కజిన్’ అన్న ఒకే మాట కింద పోయే నాలుగు బంధాలను తెలుగు ఇల్లాలు తడుముకోకుండా వేరుచేసి చెప్పగలదు.

ద్రోణంరాజు చేసిన మరొక పరిశీలన చెవి అంచున మొలిచే వెంట్రుకల గురించి. తండ్రి నుంచి కొడుకులకు మాత్రమే సంక్రమిస్తున్నట్టు కనిపించిన ఈ లక్షణం వై క్రోమోసోము మీద ఉంటుందని ఆయన ప్రతిపాదించాడు. వై క్రోమోసోము నడిచే తీరు ఇంటిపేరు నడిచే తీరే కనుక తెలుగు వంశవృక్షాలు ఈ పరిశీలనకు అనువుగా ఉన్నాయి. దక్షిణ భారతదేశ పురుషుల మీద అణుస్థాయిలో జరిగి 2004లో ప్రచురితమైన పరిశోధన ఆ ప్రతిపాదనను సమర్థించలేదు. వంశావళిలో కనిపించే క్రమం ఒక్కటే రుజువు కాజాలదని ఈ ఉదంతం తెలుపుతుంది.

దక్షిణదేశపు మేనరికాల విషయంలో ఎల్.డి. సంఘ్వి 1966లో మరొక ప్రశ్న లేవనెత్తాడు. శతాబ్దాలుగా దగ్గరి సంబంధాలు సాగిన సమూహాలలో, హానికర జన్యువులు తరతరానికీ బయటపడి వరణం చేత కొంత తొలగిపోయి ఉండవచ్చు కదా అన్నది ఆ ప్రశ్న. ఇక్కడ ఒక భేదం స్పష్టం కావాలి. దగ్గరి పెళ్ళి కొత్త జబ్బును పుట్టించదు. జన్యువుల నిష్పత్తినీ తనంతట మార్చదు. దాగి ఉన్న అంతర్గత జన్యువు రెండు ప్రతులుగా కలిసే అవకాశాన్ని పెంచి, దానిని వరణం ముందు నిలబెడుతుంది. ఒకే తాత మనుమల వివాహాలలో పుట్టే బిడ్డలకు సాధారణంగా అందరికీ ఉండే ప్రమాదానికి తోడు అదనంగా సగటున 2–3 శాతం ఉంటుందని నేటి వైద్యజన్యుశాస్త్రం అంచనా. అది విస్మరించదగినదీ కాదు, ప్రతి జబ్బుకూ కారణంగా చూపదగినదీ కాదు.

హాల్డేన్ 1962లో భువనేశ్వర్‌కు తరలివెళ్ళి అక్కడ జన్యుశాస్త్ర ప్రయోగశాల నెలకొల్పాడు. 1964 డిసెంబరు 1న కన్నుమూశాడు. ఆయన వీలునామా ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు విద్యార్థుల అధ్యయనం కోసం అప్పగించారు.

6. సైదాబాద్: ఒకే వీధిలో రెండు వరుసల పద్ధతులు:

హైదరాబాదు తూర్పుభాగంలోని సైదాబాద్, దాని చుట్టుపక్కల సంతోష్‌నగర్, మాదన్నపేట, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలలో జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు, దక్కనీ ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబాలు ఇరుగుపొరుగున నివసిస్తున్నాయి. దగ్గరి బంధువుల వివాహం ఈ రెండు సమాజాలకూ పరిచితమే. హద్దులు మాత్రం వేరు. తెలుగు హిందూ ఇళ్ళలో పినతండ్రి కూతురు చెల్లెలు, ఆమెతో పెళ్ళి ఊహకైనా అందదు. ముస్లిం ఇళ్ళలో చాచా కూతురు, ఖాలా కూతురు, మామూ కూతురు, ఫూఫీ కూతురు అందరితోనూ వివాహం ధర్మసమ్మతమే. తెలుగువారిలో అనేక కులాలలో అక్క కూతురు తొలి వరుస. ముస్లింలకు తోబుట్టువు బిడ్డ ఖురాన్ నిషేధించిన బంధం.

ఒకరికి సహజమైనది మరొకరికి తప్పుగా తోచడానికి కారణం సంస్కృతి. జన్యువుల దృష్టిలో చాచా కూతురికీ మేనత్త కూతురికీ గుణకం ఒకటే, 1/16. ముస్లింలు నిషేధించి తెలుగువారు అనుమతించిన బంధానికే అంతకు రెట్టింపు గుణకం ఉంది. అందువల్ల ‘వాళ్ళలోనే ఇటువంటి పెళ్ళిళ్ళు’ అని ఒక మతాన్ని వేలెత్తి చూపే మాటకు శాస్త్రాధారం లేదు. భాషాపరంగా మరొక చిక్కు ఉంది. ‘మేనరికం’ అన్న మాటకు చాచా కూతురు, ఖాలా కూతురు అందరు. ‘మీది మేనరికమా?’ అని తెలుగులో అడిగిన ప్రశ్నకు చాచా కూతురిని పెళ్ళాడిన వ్యక్తి ‘కాదు’ అని చెబితే అది భాషాపరంగా సరైన సమాధానం, వైద్యపరంగా తప్పుదారి.

7. మేనరికం కానిచోట:

‘కాదు’ అన్న సమాధానంలోని అసలు లోపాన్ని బయటపెట్టినవి హైదరాబాదు పరిశోధనలే. సైదాబాద్‌కు ఉత్తరాన, హబ్సిగూడలో ఉన్న కణ, అణుజీవశాస్త్ర కేంద్రం (సి.సి.ఎం.బి.) 1977లో ప్రారంభమైంది. అక్కడి శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ తదితరులు అమెరికా పరిశోధకులు డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనం భారతీయ సమూహాలలో అనేకం చాలా కొద్దిమంది పూర్వికుల నుంచి విస్తరించాయని చూపింది. 2013 నాటి మరొక అధ్యయనం ప్రకారం సుమారు 4,200 నుంచి 1,900 సంవత్సరాల కిందటి వరకు ఈ నేల మీది జనసమూహాలు విరివిగా కలిశాయి. ఆ తరువాతనే ఎవరి కులంలో వారు పెళ్ళాడే పద్ధతి గట్టిపడింది. 260కి పైగా సమూహాలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనం 81 సమూహాలలో ఈ ‘కొద్దిమంది పూర్వికుల ప్రభావం’ ఫిన్‌లాండ్ ప్రజలలో కంటే, ఐరోపా యూదులలో కంటే తీవ్రంగా ఉందని తెలిపింది.

ఇందుకు తెలుగునాట బాగా తెలిసిన ఉదాహరణ వైశ్య సమాజం. మత్తుమందు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందును శరీరంలో విచ్ఛిన్నం చేసే ఎంజైము కొందరిలో లోపిస్తుంది. ఆ లోపం ఈ సమాజంలో ఇతరులలో కంటే ఎక్కువ. ఆ విషయం ముందే తెలిసిన మత్తువైద్యుడు వేరే మందు ఎంచుకుంటాడు; ప్రమాదం తప్పుతుంది. ఇక్కడ వధూవరులు ఒకరికొకరు ఏమీ కాకపోవచ్చు. వారిద్దరి పూర్వికులు అనేక తరాల కిందట ఒకే చిన్న సమూహంలోని వారు కావడమే కారణం. దీనిని ఒక కులం లోపంగా భావించడం పొరపాటు. ప్రతి సమూహం తనదైన కొన్ని జన్యువులను ఇలాగే మోసుకొస్తుంది. పరీక్షించినవి మనకు తెలిశాయి.

గోదావరి పరీవాహక అడవులలోని కోయ, గోండు ప్రజలలో కనిపించే కొడవలి కణ వ్యాధి మరొక కోణం చూపుతుంది. హిమోగ్లోబిన్ నిర్మాణంలో ఒకే ఒక ఎమైనో ఆమ్లం మారడం దీనికి మూలం. ఆ జన్యువు ఒక ప్రతి ఉంటే తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ. రెండు ప్రతులుంటే వ్యాధి. రక్తహీనత కలిగించే జన్యువులు మలేరియా ప్రాంతాలలో ఎందుకు నిలిచి ఉన్నాయన్న ప్రశ్నకు ఈ తరహా వివరణను 1949లో సూచించినవాడు హాల్డేనే. తలసీమియా విషయంలో ఆయన చెప్పినదాన్ని కొడవలి కణం విషయంలో 1954లో ఆలిసన్ ఆఫ్రికాలో నిరూపించాడు. దోమలతో నిండిన అడవిలో ఒకనాడు ప్రాణం కాపాడిన మార్పే నేడు బిడ్డకు బాధగా పరిణమించింది. ఈ వ్యాధి బిడ్డ తల్లిదండ్రులు దగ్గరి బంధువులు కానవసరం లేదు. ఇద్దరూ ఆ జన్యువు ఒక్కొక్క ప్రతి మోస్తున్నవారైతే చాలు. కేంద్రప్రభుత్వం 2023లో ప్రారంభించిన కొడవలి కణ రక్తహీనత నిర్మూలన కార్యక్రమంలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. జీవానికి మౌలికమైన అనువంశికత, వైవిధ్యం అనే గుణాల నుంచే పరిణామం పుడుతుంది. ఆ పరిణామం తెలుగు కుటుంబాల వంశావళిలో నేటికీ సాగుతోంది.

2. తెలుగు బంధుత్వ పదజాలం పెళ్ళికి తగిన వరుసను కచ్చితంగా చెబుతుంది, జన్యుసామీప్యాన్ని చెప్పదు. పినతండ్రి కూతురు, మేనత్త కూతురు భాషలో ఎడంగా, జీవశాస్త్రంలో సమానంగా ఉన్నారు.

3. మేనరికం ప్రమాదాన్ని కొంత పెంచుతుంది. మేనరికం కాకపోవడం వల్ల ప్రమాదం తొలగిపోదు. స్వకుల వివాహం సాగిన చిన్న సమూహాలలో అపరిచితులు కూడా జన్యువుల దృష్టిలో చుట్టాలే.

4. వైద్యుడు అడగవలసిన ప్రశ్న ‘మేనరికమా?’ అన్న ఒక్కటే కాదు. ఇరువైపుల తాతముత్తాతల ఊళ్ళు, ఇంటిపేర్లు, శాఖ లేదా తెగ, దంపతుల మధ్య ఏ వరుసలో చుట్టరికం ఉంది అన్న వివరాలు కావాలి. ఈ వివరాలు ఆసుపత్రి కాగితాల కంటే ఇంటి పెద్దవారి జ్ఞాపకంలోనే ఎక్కువగా ఉన్నాయి.

నగరజీవితంలో బావ, మరదలు అన్న మాటలు ‘కజిన్’లో కలిసిపోతున్నాయి. ద్రోణంరాజు తరం పరిశోధకులకు ఒక్క ప్రశ్నతో దొరికిన సమాచారం, ఆ మాటలు పోతే పది ప్రశ్నలు అడిగినా దొరకదు. బంధుత్వ పదాల సేకరణను ఇప్పటివరకు భాషాశాస్త్రం, జానపద విజ్ఞానం తమ పనిగా భావించాయి. ఆ పని వైద్యజన్యుశాస్త్రానికి కూడా అవసరమైనది. రెండు శాఖలవారూ కలిసి చేయవలసిన పరిశోధన తెలుగునాట ఇంకా చాలా ఉంది.